పదకొండో గుంజ

చిలెసీతో, 4 మార్చి 1985, సోమవారం

అన్సెల్మో,

నీ ఉత్తరం శనివారం అందింది. దానికి ముందరిది పోయిన జూలై 29న రాశావు. మధ్యలో ఏడు నెలలు నువ్వెలా ఉన్నావో నాకు తెలియలేదు. ఇప్పుడు క్షేమంగానే ఉన్నావని తెలిసింది, ఎందుకంటే నాతో పనిపడింది. ఆ పని పూర్తయిందని చెప్పడానికే ఈ రోజు రాస్తున్నాను. లేకపోతే నాకూ జూలై దాకా తొందరేమీ లేదు.

పెట్టెలో నీ చదువుకీ ఉద్యోగానికీ సంబంధించిన కాగితాలన్నీ "కొంచెం సర్ది" పంపమన్నావు. ముప్పై ఎనిమిదేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, కొంచెం సర్దడం నాకు చేతకాదు. మొత్తం అరవై ఒక్క కాగితాలు. ఒక్కొక్కదాని వెనక పెన్సిలుతో అంకె వేశాను. ఒకటోది 1950 నాటి నీ మొదటి తరగతి పత్రం. ప్రవర్తన దగ్గర "ఫరవాలేదు" అని ఉంది. ఆ ఏడు నీ టీచర్ని నేనే కాబట్టి అంత వేశాను. నానమ్మగా అయితే ఇంకా తక్కువ వేసేదాన్ని. ఇరవై రెండోది స్కాలర్‌షిప్పు పత్రం, దాని మీద మాతె టీ మరక ఉంది. మరక నాది కాదు. నలభయ్యోది డాక్టరేటు, 1972.

1978లో అచ్చయిన నీ వ్యాసం మాత్రం పంపడం లేదు. "నాకు లెక్కపెట్టడం నేర్పిన నానమ్మకు" అని రాసి సంతకం పెట్టి ఇచ్చావు కాబట్టి అది నా ఆస్తి. దాన్ని లోకం ఒల్మోస్ సిద్ధాంతం అంటుందని నువ్వు నాకు చెప్పావు, నేను ఊరందరికీ చెప్పాను.

ఇవి కాక రెండు అట్టల మధ్య ఇరవై మూడు పేజీల కట్ట ఒకటుంది. నీలం సిరా. రాత నీది కాదు. నీ రాత చదవడానికి మందుల షాపువాడు కావాలి, ఇది ఎవరైనా చదవగలరు. పంపమంటావా?

నీ నానమ్మ
హెర్మీనియా దె ఒల్మోస్

*

పువెర్తో మిరాందా, 13 మార్చి 1985

నానమ్మా,

పార్సిలు చేరింది. అంకెలు, ముడులు, ముడుల మీద లక్క చూసి మా ఆఫీసులో సెక్రటరీ ఏమన్నదో తెలుసా? "డాక్టర్ గారూ, మీ నానమ్మను ఇక్కడికి పంపించండి, మీరు అక్కడే ఉండిపోండి" అంది. నలుగురి ముందు. ఎవరూ కాదనలేదు.

ఇన్ని కాగితాలు ఎందుకని నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. సైనికులు పోయారు, ప్రజాస్వామ్యం వచ్చింది. వాళ్ళ కాలంలో ఇచ్చిన పదవులన్నిటికీ ఇప్పుడు బహిరంగంగా పోటీ పెడుతున్నారు. అంటే ఎనిమిదేళ్ళుగా నేను కూర్చున్న ఆచార్య పీఠంలో కూర్చోవడానికి నాకు అర్హత ఉందో లేదో పరీక్ష అన్నమాట. కాగితాలు ఒక భాగం. రుజువు లేనిదేదీ లెక్కలోకి రాదు. రెండో భాగం పాఠం. పది అంశాలు చీటీలు రాసి పెట్టెలో వేస్తారు, జూన్ 3న ఒకటి తీస్తారు, నలభై ఎనిమిది గంటల తర్వాత బయటి ఊళ్ళ నుంచి వచ్చిన ముగ్గురు పెద్దల ముందు ఆ పాఠం చెప్పాలి. గంటకు అయిదు నిమిషాలు తగ్గినా తప్పే, పెరిగినా తప్పే. నలభై ఒక్కేళ్ళ వయసులో, గుండ్రంగా బట్టతల వచ్చాక, మొదటి తరగతి కుర్రాడిలా.

అంతకంటే ముందు పోటీదారుల పేర్లు యూనివర్సిటీ గుమ్మం మీద అంటిస్తారు. మే 20 దాకా ఎవరికి ఏ అభ్యంతరం ఉన్నా కారణం రాసి ఇవ్వొచ్చు. ఎవరైనా సరే, క్యాంటీన్‌లో కాఫీ పోసే మనిషైనా సరే. అతనికి నేను బాకీ లేను, భయం లేదు.

నాకు పోటీ ఒక్కరే. కరాకస్ నుంచి ఒకరు తిరిగివచ్చారు. ఆవిడ అర్హతల జాబితా రెండు పేజీలు. నాది పందొమ్మిది.

ఆ నీలం సిరా కట్ట చిత్తు కాగితాలు. పొయ్యిలో వెయ్యి.

గ్రాసియేలా, పిల్లలు నిన్ను అడిగామని చెప్పమన్నారు. నీ జూలై లెక్కకు తలవంచి,

అన్సెల్మో

*

చిలెసీతో, 22 మార్చి 1985, శుక్రవారం

అన్సెల్మో,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అందులో ఉన్నదాని కోసం, రెండోసారి లేనిదాని కోసం.

ఇరవై మూడు పేజీల్లో కొట్టివేత ఒక్కటే ఉన్నదాన్ని చిత్తు అనరు. నీ డాక్టరేటులో తొలి పేజీలోనే మూడున్నాయి. ఆ రాత ఎవరిదో నాకు తెలుసు. నీకు డాక్టరేటు చేయించిన ప్రొఫెసర్ ఎస్తేర్ బ్రోద్స్కీది. 1975 జనవరిలో ఆవిడ మన ఇంట్లో పన్నెండు రోజులుంది. మీరిద్దరూ ద్రాక్ష పందిరి కింద పొద్దున్న ఏడింటి నుంచి కాగితాల మీద పడి ఉండేవారు. ఆవిడ ఆప్రికాట్లు తప్ప ఏమీ తినేది కాదు. నా జీవితంలో నా కాఫీ బాగాలేదని నా మొహం మీద చెప్పిన మనిషి ఆవిడొక్కతే. అందుకే బాగా గుర్తుంది.

తొమ్మిదో పేజీ అంచున ఇలా ఉంది: "రేపు పొద్దున్న మనమిద్దరమే కూర్చుందాం, ఎవరికీ చెప్పకు, ముందు మనకు నమ్మకం కుదరాలి." పదహారో పేజీలో: "నిన్న రాత్రంతా నిద్ర లేదు. నువ్వన్నదే నిజం."

నేను డెబ్భై ఎనిమిదేళ్ళదాన్ని, మూఢురాలిని కాను. 1975లో ఆవిడకు నలభై అయిదు, నీకు ముప్పై ఒకటి, గ్రాసియేలాకు ఏడో నెల. ఆ కాగితాలు పొయ్యిలో వెయ్యమంటున్నావు. ఇప్పుడు "కరాకస్ నుంచి ఒకరు" వచ్చారంటున్నావు. మీ వీధిలో కుక్కల పేర్లతో సహా ఉత్తరం రాసేవాడికి ఆ ఒక్కరి పేరు రాయడానికి సిరా చాలలేదు.

అవునా, కాదా? ఒక్క మాటలో చెప్పు.

పోస్టాఫీసులో దెల్ఫీనా నీ కవరు చేతిలో పట్టుకుని తూచింది. "డోన్యా హెర్మీనియా, మనవడు ప్రొఫెసరయ్యాక ఉత్తరాలు బరువెక్కాయే" అంది. "బరువు మనవడిది కాదమ్మా, మనసుది. ఊరికే తూచకు, ఇలా ఇయ్యి" అన్నాను. నా అనుమానాలు నేను దాచుకోగలను, దెల్ఫీనా నోరు మాత్రం దాచలేను. జాగ్రత్తగా రాయి.

నానమ్మ

*

పువెర్తో మిరాందా, 1 ఏప్రిల్ 1985

నానమ్మా,

అవును.

నీ దగ్గర ఏదీ దాగదు. అప్పుడు చిన్నతనం, ఆవిడ గొప్పతనం చూసి మతి పోయింది, పన్నెండు రోజుల్లో మొదలై పన్నెండు రోజుల్లోనే ముగిసింది. గ్రాసియేలాకు తెలియదు. తెలిస్తే ఇల్లు ఉండదు. ఆ కాగితాలు ఉండకూడదని ఎందుకు అడిగానో ఇప్పుడు అర్థమైంది కదా.

కరాకస్ నుంచి వచ్చింది ఆవిడే. 1976లో సైనికులు ఆవిడ పేరు నిషేధ జాబితాలో పెట్టి ఉద్యోగంలోంచి తీసేశారు, ఆర్నెల్ల తర్వాత ఆ పీఠం నాకిచ్చారు. ఇప్పుడు ఆవిడ దరఖాస్తులో 1974 నుంచి 76 దాకా ఖాళీ. ఆవిడ గదిలో కాగితాలన్నీ ఎప్పుడో లారీలో వేసుకుపోయారు. రుజువు లేదు కాబట్టి ఆ రెండేళ్ళు ఆవిడ ఏమీ చెయ్యనట్టే. నియమం నేను పెట్టింది కాదు.

దయచేసి కాల్చెయ్యి. ఈసారికి తిట్టకు.

అన్సెల్మో

*

చిలెసీతో, 20 ఏప్రిల్ 1985, శనివారం

అన్సెల్మో,

ప్రేమ వ్యవహారం అని ఒప్పుకున్నావు కాబట్టి, ఆ ఇరవై మూడు పేజీల్లో ప్రేమ ఎక్కడుందో చూద్దామని కూర్చున్నాను. పధ్నాలుగు రోజులు పట్టింది. పక్కన నువ్విచ్చిన 1978 వ్యాసం పెట్టుకుని, వరుసకు వరుస వేలు పెట్టి చదివాను. పదింటిలో మూడొంతులు అర్థమైంది, ఏడొంతులు కాలేదు. దిద్దడానికి మూడొంతులు చాలు.

ప్రేమ దొరకలేదు. ఒల్మోస్ సిద్ధాంతం దొరికింది.

గుర్తులు మార్చావు. ఆవిడ వాడిన గ్రీకు అక్షరాలు తీసేసి రోమన్ అక్షరాలు పెట్టావు. ఆవిడ రెండో భాగం నీకు మూడో భాగమైంది. ఇదంతా చూసి, పోనీ ఇద్దరూ కలిసి ఆలోచించారు, ఇద్దరికీ ఒకే సత్యం తోచి ఉండొచ్చు అనుకున్నాను. లెక్కల్లో అది మామూలే. నలభై మంది పిల్లలు ఒకే సరైన జవాబు రాస్తే నేనెప్పుడూ ఎవరినీ నిలబెట్టలేదు.

పదకొండో పేజీకి వచ్చాను. అక్కడ ఆవిడ ఒక చోట శ్రేణిలోని పదాలు లెక్కపెట్టింది. సున్నా నుంచి మొదలుపెట్టి n దాకా పోతే ఎన్ని? n అని రాసింది. n కాదు, దానికి ఒకటి ఎక్కువ. మీ తాతయ్య ద్రాక్ష తోటలో వంద మీటర్ల వరుసకు పది మీటర్లకొక గుంజ పాతాలంటే పది గుంజలు తెచ్చినవాడు సాయంత్రం మళ్ళీ ఊళ్ళోకి పరుగెత్తాలి. పదకొండు కావాలి. నీకు ఆరేళ్ళప్పుడు ఆ వరుసలో నడిపించి నేర్పాను. అంత పెద్ద మనిషి అంత చిన్న చోట జారింది. చివరికి ఫలితం చెడలేదు, ఆ ఒకటి తర్వాతి పేజీలో దానంతటదే కొట్టుకుపోయింది. అందుకే ఎవరూ చూడలేదు.

నీ వ్యాసం ఏడో పేజీలో, అదే చోట, అదే పదకొండో గుంజ లేదు.

ముప్పై ఎనిమిదేళ్ళు పరీక్ష కాగితాలు దిద్దాను. ఇద్దరికి ఒకే ఒప్పు రావడం చదువు. ఇద్దరికి ఒకే తప్పు రావడం నకలు. ఇది గణితశాస్త్ర ఆచార్యుడికి చెప్పాల్సి రావడం నా ఖర్మ. పైగా ఆ కాగితాల మీదే "నాకు లెక్కపెట్టడం నేర్పిన" అని రాసి నాకిచ్చావు.

ఒక్క విషయంలో మెచ్చుకుంటాను. నకలు కొట్టినవాడు అనిపించుకోవడం కంటే, గర్భిణీ భార్యను మోసం చేసినవాడు అనిపించుకోవడమే నయమనుకున్నావు, అదీ సొంత నానమ్మ దగ్గర. మీ వృత్తిలో నీతికి ఒక క్రమం ఉందని దీన్నిబట్టి తెలుస్తోంది. గ్రాసియేలాకు మాత్రం ఆ క్రమం వివరించకు.

కాగితాలు కాల్చలేదు. నువ్వు కాల్చమన్నప్పుడే కాల్చనని నీకు తెలిసి ఉండాలి. తెలిసే అడిగావేమోనని కూడా ఒక అనుమానం ఉంది.

హెర్మీనియా దె ఒల్మోస్

*

పువెర్తో మిరాందా, 29 ఏప్రిల్ 1985

నానమ్మా,

నీ ఉత్తరం డిపార్ట్‌మెంటుకు వచ్చింది. నిలబడి చదివాను. తర్వాత కూర్చున్నాను, పీఠంలోనే.

నేనేమీ కాదనను. కానీ 1978లో ఎలా ఉండేదో నువ్వు చూడలేదు. జాబితాలో ఉన్నవాళ్ళ పేరు ఏ పత్రికా అచ్చు వెయ్యదు. ఆ పేజీలు అలాగే ఉంచితే ఇంకెవరో ఏ దేశంలోనో కనుక్కుంటారు, అయిపోతుంది. నేను అచ్చు వేశాను. ఆవిడ వచ్చాక చెబుదాం అనుకున్నాను. ఒట్టు. ఆ తర్వాత ఒల్మోస్ సిద్ధాంతం అన్నారు. మొదటిసారి విన్నప్పుడు సిగ్గేసింది. పదోసారి విన్నప్పుడు వెనక్కి తిరిగి చూశాను. ఇరవయ్యోసారికి నాకే అలవాటైంది. సైనికులు పోయి ఏడాదిన్నర అయింది, నోరు పెగల్లేదు.

ఇది తీసేస్తే నేనేమిటి నానమ్మా? తర్వాత రాసిన పదకొండు వ్యాసాలూ "ఒల్మోస్ సిద్ధాంతం ప్రకారం" అనే మొదలవుతాయి. నాకు వేరే పని రాదు. పిల్లలిద్దరూ బళ్ళో ఉన్నారు. అభ్యంతరం పెట్టాలనుకుంటే నీకు హక్కుంది, మే 20 దాకా గడువుంది. చిరునామా నీకు తెలుసు.

ఆవిడ పోయిన మంగళవారం నడవాలో ఎదురైంది. జుట్టంతా నెరిసింది. నేను పక్కకు తప్పుకోబోయాను.

"ఏమోయ్ అన్సెల్మో, బట్టతల వచ్చిందే. ఆలోచనలకు రాలిందా, లేక గాలికేనా?" అంది.

"రెండూ, డాక్టర్" అన్నాను.

"మీ నానమ్మ ఉందా?"

"ఉంది."

"ఇంకా అదే కాఫీ కాస్తోందా?"

"అదే."

తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "ఆ పేజీల్ని బాగా చూసుకున్నావు. థాంక్స్. తీరిగ్గా మాట్లాడదాం" అని వెళ్ళిపోయింది.

చూశావా, ఎంత మెత్తగా పొడిచిందో. అరిచి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆ రోజు నుంచి వెనక మెట్ల మీదుగా వెళ్తున్నాను.

అన్సెల్మో

*

చిలెసీతో, 8 మే 1985, బుధవారం

అన్సెల్మో,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. మామూలుగా అయితే అదే రోజు జవాబు రాసేదాన్ని. ఈసారి రెండు రోజులు ఆలస్యమైంది. తప్పు నాది. కారణం చెబుతాను.

"బాగా చూసుకున్నావు, థాంక్స్" అన్న మాట దగ్గర ఆగాను. నువ్వు దాన్ని ఎత్తిపొడుపు అనుకున్నావు. నా కాఫీ గురించి అన్న మనిషికి ఎత్తిపొడవాలంటే అంత చుట్టుదారి అక్కర్లేదు. ఆవిడ మనసులో ఉన్నదే అంటుంది. అయితే ఆ మాట ఎందుకంది? అని ఆలోచించి, దుప్పట్ల బీరువా అడుగు అర తెరిచాను.

అక్కడ ఒక ఉత్తరం ఉంది. 1977 సెప్టెంబరు 19న వచ్చింది. పైన నా పేరు, కరాకస్ స్టాంపు. ఆ వారమే మన వీధి చివర మందుల షాపు వాళ్ళ అమ్మాయిని బస్టాండు దగ్గర సైనికులు కారులో ఎక్కించుకుపోయారు. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. పరదేశం స్టాంపుతో, తీసేసినవాళ్ళ పేరుతో ఉత్తరం నా చేతిలో ఉందని దెల్ఫీనా చూసింది. నేను విప్పలేదు. కాల్చనూ లేదు. దుప్పట్ల కింద పెట్టి, ఏడేళ్ళ ఏడు నెలలు ఆ బీరువా సర్దడం పనిమనిషికి కూడా ఇవ్వలేదు. నా జీవితంలో జవాబు రాయని ఉత్తరం అదొక్కటే. భయం నీకొక్కడికే ఉండేదనుకోకు.

సోమవారం విప్పాను. ఇదీ అందులో ఉన్నది, అక్షరం వదలకుండా:

"సెన్యోరా హెర్మీనియా, అన్సెల్మోకు నేరుగా రాస్తే అతనికి ముప్పు, అందుకని మీకు రాస్తున్నాను. పందిరి కింద రాసిన ఇరవై మూడు పేజీలు అతని దగ్గరున్నాయి. వాటిని అచ్చు వేయించమనండి, లేకపోతే పాడైపోతాయి. నా పేరు ఏ కాగితం మీదున్నా ఆ కాగితానికి చేటు. అతని పేరుతో వెళ్ళనివ్వండి. రోజులు మారాక ఇద్దరం కూర్చుని సరిచేసుకుంటాం. పదకొండో పేజీలో లెక్క నాకు అనుమానంగా ఉంది, మళ్ళీ చూడమనండి. ఇక్కడ కాఫీ చాలా బాగుంటుంది. మీది ఎంత చెడ్డదో ఇప్పుడు కచ్చితంగా తెలిసింది. ఎస్తేర్."

అర్థమైందా? ఎనిమిదేళ్ళుగా ఆవిడ ఏమనుకుంటోందంటే, ఈ ఉత్తరం నీకు అందింది, నువ్వు ఆవిడ మాట మీద, ఆవిడ కోసం, ఆ పేజీలకు నీ పేరు అరువిచ్చి కాపాడావు. నడవాలో చెయ్యి వేసి థాంక్స్ చెప్పింది అందుకు. "తీరిగ్గా మాట్లాడదాం" అన్నది సరిచేసుకోవడానికి. నువ్వేమో వెనక మెట్లు ఎక్కుతున్నావు. లోకంలో దొంగలు చాలామంది ఉన్నారు, అన్సెల్మో. ఇచ్చినదాన్ని దొంగిలించినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను.

నువ్వు ఇప్పుడు ఏమనుకుంటున్నావో నాకు తెలుసు. ఈ ఉత్తరం ఉంది కదా, ఆవిడ చెప్పినట్టే చేశానని చెప్పుకుంటే పోయె, అని. చెప్పుకోవచ్చు. ఎవరూ కాదనలేరు. ఆవిడే సాక్ష్యం చెబుతుంది, పేరు ఆవిడకు తిరిగొస్తుంది, నీకు త్యాగమూర్తి అన్న కీర్తి కూడా వస్తుంది. కాకపోతే ఉత్తరం మొన్నటిదాకా ఎవరూ విప్పలేదని తెలిసినవాళ్ళం ఇద్దరం ఉంటాం. నేను ఎక్కువ కాలం ఉండను. నువ్వుంటావు.

అభ్యంతరం పెట్టను. నేను పెడితే నువ్వు పట్టుబడ్డవాడివి. నువ్వే చెబితే చెప్పినవాడివి. పీఠం పోవచ్చు. పోతే ఆవిడ కింద పనిచేస్తావు, 1976లో లాగే. అప్పుడు రాసిన ఉత్తరాలు నా దగ్గరున్నాయి. నెలకు రెండు వచ్చేవి, ఒక్కదానిలోనూ నేనేమిటి అని అడగలేదు.

దీంతోపాటు రిజిస్టర్డ్ పార్సిల్లో ఇరవై మూడు పేజీలూ, ఆవిడ ఉత్తరమూ, విప్పని కవరు నేను ఏ తేదీన విప్పానో రాసి సంతకం పెట్టిన కాగితమూ పంపుతున్నాను. జరగవలసినవి ఇవి:

1. పార్సిలు అందిన రోజే ముందు మెట్ల మీదుగా ఆవిడ గదికి వెళ్ళు. ఉత్తరం చేతికిచ్చే ముందు, అది నీకు అందలేదని చెప్పు. ఇచ్చాక చెబితే లెక్కలోకి రాదు.

2. ఎందుకు అందలేదో నువ్వు చెప్పొద్దు. అది నేను ఆవిడకు ఈ రోజే వేరే కవరులో రాశాను. నా పిరికితనం నీ సంజాయిషీలో కలపకు.

3. మే 20 లోపు నీ పందొమ్మిది పేజీల జాబితాలో ఆ వ్యాసాన్ని కొట్టేసి, కారణం ఒక్క వాక్యంలో రాసి, సంతకం పెట్టి ఇవ్వు. మిగిలిన పదకొండు వ్యాసాల్లో సిద్ధాంతం పేరు మార్చు. ఇరవై మూడు పేజీలూ ఆవిడ 1975కు రుజువు, ఆవిడ దరఖాస్తులో చేరాలి.

4. గ్రాసియేలాకు అంతా చెప్పు. లేని ప్రేమ గురించి కూడా. అది దెల్ఫీనా నోటివెంట మీ ఊరు చేరేలోపు.

5. జూన్ 3న చీటీ తీసే చోటికి వెళ్ళు. జూన్ 5న పాఠం చెప్పు. ఓడిపోతానని తెలిసినా చెప్పు, సరిగ్గా గంట. నువ్వు పాఠం బాగా చెబుతావని నీ విద్యార్థి ఒకడు నాలుగేళ్ళ క్రితం మన ఊరొచ్చినప్పుడు అన్నాడు. నీకు చెప్పలేదు, పొగరెక్కుతుందని.

6. నీ వ్యాసం వేసిన పత్రికలో సవరణ అచ్చు వేయించు. తప్పు ఆవిడది, నకలు నీది, పట్టుకున్నది నేను. మూడు పేర్లూ ఈ వరుసలోనే రావాలి.